చివరి బండి తెచ్చిన కర్ర

పన్నెండు కావస్తుండగా డిటెక్టివ్‌కి ఆ లోయ అందం మీద పూర్తిగా విరక్తి పుట్టింది.

పొద్దుటి నుంచి అతను ప్రశ్నించిన ప్రతి మనిషీ ముందు నది గురించే మొదలుపెట్టాడు. నీళ్లు ఎంత పచ్చగా ఉన్నాయో, రెండు కొండల మధ్య ఆకాశం ఎంత సన్నగా కనిపించిందో అందరూ పూసగుచ్చినట్టు చెప్పారు. బుధవారం నాడు నీలం కారు ఏ టైముకి ఎక్కడుందని అడిగితే మాత్రం బుర్రలు గోక్కున్నారు. ఆ దారిన పోయినవాళ్లంతా కళ్లు నదికి అప్పగించి పోయినవాళ్లే. పాతికమంది సాక్షులున్నారు గానీ ఒక్కడూ పనికొచ్చేవాడు లేడు.

నాలుగింటికి లారీ డ్రైవర్‌ని కోర్టులో హాజరు పరుస్తారు. హత్యానేరం మీద ఒకసారి లోపలికి వెళ్లాడంటే మళ్లీ ఎన్ని నెలలకి బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు. అతని భార్య దర్జీ పని చేస్తుంది. నిన్న సాయంత్రం మెడలో పసుపు టేపు తీయడం కూడా మరిచిపోయి స్కూటర్ మీద డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు. "మా ఆయనకి కోపం ఎక్కువే అన్నయ్యా, కాదనను. కానీ ఆ కోపం నోటితోనే అయిపోతుంది. చేతుల దాకా రాదు," అంది. ఆ మాటతోనే అతను కేసు ఒప్పుకున్నాడు. తన నోటి గురించి అంత దయగా మాట్లాడే మనిషి తనకి లేడని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

చనిపోయినవాడు రోడ్ల శాఖ సర్వేయర్. బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఐదో వ్యూ పాయింట్ దగ్గర ఫోటోలు దిగుతున్నవాళ్లకి అతని నీలం కారు నదిలో తలకిందులుగా కనిపించింది. అంచున ఉన్న ఇనుప రెయిలింగు పది అడుగుల మేర ఊడి, కారుతోపాటే కిందికి పోయింది.

ఆ రోడ్డుకి ఒక పద్ధతి ఉంది. కింది గేటు నుంచి పై గేటు దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. ఎదురెదురుగా రెండు బండ్లు పట్టవు. అందుకని పదికి, పన్నెండుకి, రెండుకి కింది నుంచి ఒక్కో విడత బండ్లు పైకి వదులుతారు. మధ్య గంటల్లో పై నుంచి కిందికి వదులుతారు. ప్రతి విడతలోనూ చివరి బండికి మూరెడు ఎర్ర కర్ర ఒకటి ఇస్తారు. అది లారీ అయినా సరే, స్కూటరైనా సరే. ఆ కర్ర అవతలి గేటుకి చేరితే రోడ్డు ఖాళీ అయినట్టు లెక్క. చేరనిదే అవతలివాళ్లు గేటు ఎత్తరు.

బుధవారం పది గంటల విడతలో చివరి బండి సర్వేయర్ నీలం కారే. పై గేటు రిజిస్టర్‌లో కర్ర అందిన సమయం పది యాభై ఎనిమిది అనీ, పక్కన నీలం కారు నంబరూ స్పష్టంగా రాసి ఉన్నాయి. కాబట్టి సర్వేయర్ పైకి చేరాడు, వెనక్కి తిరిగి పదకొండు గంటల విడతతో కిందికి దిగుతూ ఐదో వ్యూ పాయింట్ దగ్గర ఆగాడు, వెనకే వచ్చిన లారీ అతన్ని నదిలోకి నెట్టింది. ఇదీ ఇన్‌స్పెక్టర్ కట్టిన కథ. ఆ విడతలో లారీ ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగా కిందికి చేరింది. టైరు పంక్చరైందని డ్రైవర్ అన్నాడు. అంతకు వారం ముందు ఇదే సర్వేయర్ లారీ ఆపి బరువు తూయిస్తే, డ్రైవర్ అతన్ని నలుగురిలో నానా మాటలూ అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఈ డిటెక్టివ్ కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు స్టేషన్ అతనిది, జీపు అతనిది. డిటెక్టివ్‌కి మిగిలింది మోకాళ్ల నొప్పి. వాదన పడలేక ఇన్‌స్పెక్టర్ అతన్ని జీపులో ఐదో వ్యూ పాయింట్‌కి తీసుకొచ్చాడు గానీ, వచ్చిన దగ్గర్నుంచీ వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

నదిలోంచి తీసిన కారు రోడ్డు పక్కన, క్రేన్ నీడలో ఉంది. కప్పు నలిగిపోయి సీట్లలో బురద పేరుకుంది. ఊడిన రెయిలింగు స్తంభం ఒకటి పక్కనే పడుంది. డిటెక్టివ్ దాని అడుగు కొలిచాడు. జానెడు సిమెంటు మాత్రమే అంటుకుని ఉంది. లారీలు తిరిగే రోడ్డు అంచున జానెడు లోతు పాతి వదిలేశారంటే అతనికి ఒళ్లు మండింది. ఎవరు వేశారివి అని క్రేన్ ఆయన్ని అడిగాడు.

"ఎవరో వేసుంటారు సార్. మనకి బండ్లు లాగడమే పని," అన్నాడు క్రేన్ ఆయన, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. ఆ రోజంతటిలో డిటెక్టివ్‌తో మర్యాదగా మాట్లాడిన మనిషి అతనొక్కడే. ఫ్లాస్కులోంచి టీ పోసి కూడా ఇచ్చాడు. బుధవారం కబురు అందగానే పై నుంచి దిగి వచ్చాననీ, నిన్నంతా కారు తీయడానికే సరిపోయిందనీ, సాయంత్రానికి దీన్ని షెడ్డుకి చేరుస్తాననీ చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ స్తంభం వైపు చూడనైనా చూడలేదు. హత్య కేసుని రోడ్డు మరమ్మతు కేసు చేయొద్దన్నాడు.

డిటెక్టివ్ టీ గ్లాసు పక్కన పెట్టి, మూలుగుతూ వంగి కారు కిటికీలోంచి తల లోపలికి దూర్చాడు. అది పాత కారు. స్పీడు చూపించే ముల్లు కింద, అంకెలు దొర్లే చిన్న ట్రిప్ మీటర్ ఉంది. దాన్ని నొక్కితే సున్నాకి వచ్చి, అక్కడి నుంచి దూరం లెక్కపెడుతుంది. సర్వేయర్‌కి ఒక అలవాటు ఉందని పొద్దున కింది గేటు మనిషి విసుక్కుంటూ చెప్పాడు. ఏ గేటు దాటినా బండి ఆపి, మీటర్ సున్నా చేసుకుని గానీ కదలడట. వెనక వాళ్లు హారన్లు కొట్టినా వినడట. బుధవారం కూడా సున్నా చేసుకున్నాకే, పదీ నాలుగుకి కర్ర అందుకున్నాడు.

డిటెక్టివ్ రుమాలుతో బురద తుడిచాడు. పదమూడు పాయింటు నాలుగు.

బయటికొచ్చి అంచున ఉన్న తెల్లరాయి దగ్గరికి ఇన్‌స్పెక్టర్‌ని రెక్క పట్టుకుని తీసుకెళ్లాడు. రాయి మీద ఒక పక్క కింది గేటుకి 13.4 అనీ, రెండో పక్క పై గేటుకి 8.6 అనీ రాసి ఉంది.

"పై దాకా వెళ్లి తిరిగొస్తే మీటర్ ముప్ఫై దాటాలి. పై గేటు దగ్గర మళ్లీ సున్నా చేసుకుంటే ఎనిమిది పాయింటు ఆరు చూపించాలి. పదమూడు పాయింటు నాలుగు చూపిస్తోందంటే దారి ఒక్కటే. కింది నుంచి ఇక్కడిదాకా వచ్చాడు, ఇక్కడే పోయాడు. పై గేటు మొహం చూడలేదు."

"నీళ్లలో నానిన మీటర్ గురువుగారూ. దాని మాట కోర్టు వింటుందా?"

"చక్రం తిరిగితేనే అంకె తిరుగుతుంది. కారు నదిలో ఎన్ని కిలోమీటర్లు షికారు చేసిందంటావు?"

ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. కారు పైకి చేరకపోతే కర్ర ఎలా చేరిందన్నాడు. కర్రకి కాళ్లొచ్చాయా అన్నాడు. ప్రభుత్వ రిజిస్టర్ ఒక మాట చెబుతుంటే, బురద మీటర్ పట్టుకుని కేసు తిరగరాస్తే పైవాళ్లు తన ఉద్యోగం తిరగరాస్తారన్నాడు. చివరికి, రిజిస్టర్ తప్పని ఇంకో రిజిస్టర్‌తో చూపిస్తే నాలుగింటి లోపల స్టేషన్‌కి ఫోను చేసి డ్రైవర్‌ని ఆపిస్తానని ఒప్పుకున్నాడు.

ఇంకో రిజిస్టర్ ఉంది. పై గేటులో చివరి బండి నంబరొక్కటే రాస్తారు. కింది గేటు మనిషి కొత్తవాడు, భయస్తుడు. ప్రతి బండినీ వరసగా రాస్తాడు. దర్జీ పొద్దుటి నుంచి ఆ గేటు దగ్గరే కూర్చుని ఉంది. డిటెక్టివ్ ఫోను తీశాడు. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. రెండుసార్లు తెగిపోయింది. మూడోసారి తెల్లరాయి ఎక్కి నిలబడి, ఉన్న చిరాకంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"రిజిస్టరమ్మా, రిజిస్టరు. బుధవారం ఏ బండి వెనక ఏ బండి వచ్చిందో దాంట్లో వరసగా ఉంటుంది. ఇక్కడ ఎవరి నోటి మాటకీ విలువ లేదు, ఆ పుస్తకం ఒక్కటే దిక్కు. ఇన్‌స్పెక్టర్ గేటు మనిషికి చెబుతాడు. తీసుకుని రెండింటి విడతలో పై గేటుకి రా. స్కూటర్ మీదైనా సరే, వచ్చెయ్."

దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంది. క్రేన్ ఆయన పరుగున వచ్చి చెయ్యి అందించాడు. పన్నెండు గంటల విడత అప్పుడే వ్యూ పాయింట్ దాటుతోంది. దాని వెనకే జీపు పైకి కదిలింది.

పై గేటు దగ్గర మళ్లీ ఖర్మ కాలింది. బుధవారం రాత రాసిన గేటు తాత పన్నెండు నుంచి రెండు దాకా భోజనానికి ఇంటికి వెళతాడు. అప్పుడు అతనికి బదులు ఒక మనిషి కర్ర అందుకుని గేటు ఎత్తుతాడు. అంతకు మించి అతనికి ఏమీ తెలియదు. రెండు గేట్ల మధ్య మాట్లాడుకునే ఫోను ఒక పెట్టెలో ఉంది. దాని తాళంచెవి తాత జేబులో ఉంది. తాత ఇల్లు కొండ పైన ఎక్కడో ఉంది. ఇక్కడ సెల్ సిగ్నల్ అసలే లేదు. ఇన్‌స్పెక్టర్ బెంచీ మీద టోపీ మొహాన కప్పుకుని పడుకున్నాడు. డిటెక్టివ్ గంటసేపు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

తాత సరిగ్గా రెండింటికి వచ్చాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసు, దళసరి కళ్లద్దాలు. అతని కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. ఎండ కళ్లలో పడుతుందని అలా తిప్పుకున్నాడట. కిటికీ కింద రోడ్డు వైపు ఒక ఇనప బకెట్ వేలాడుతోంది. వచ్చినవాళ్లు బండి ఆపకుండానే కర్ర అందులో పడేసి పోతారు.

డిటెక్టివ్ నోరు తెరవబోతుంటే పెట్టెలో ఫోను మోగింది. టైము రెండూ ఐదు. తాత ఎత్తి, ఊఁ కొట్టి, రిజిస్టర్ ముందుకు లాక్కుని ఒక నంబరు రాసుకున్నాడు. టైము రాసే గడి మాత్రం ఖాళీగా వదిలేసి ఫోను పెట్టేశాడు.

డిటెక్టివ్ ఆ నంబరు వైపు కాసేపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఇది ఏ బండి నంబరు తాతా?"

"ఇప్పుడు బయల్దేరిన విడతలో చివరిది బాబూ. ఎవరో ఆడమనిషి, స్కూటరట. రెండూ నాలుగుకి కర్ర ఇచ్చారట."

"ఇంకా రాని బండిని వచ్చినట్టు ఎలా రాశావు?"

తాత కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. బెంచీ మీద ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత మెల్లిమెల్లిగా నిజం బయటికొచ్చింది. నాలుగేళ్లుగా తాతకి దూరపు నంబర్లు ఆనడం లేదు. చెబితే ఇంటికి పంపించేస్తారని భయం. అందుకే కింది వాళ్లు ఫోనులో చెప్పిన నంబరే ముందుగా రాసేసుకుంటాడు. బకెట్‌లో కర్ర పడ్డ చప్పుడు వినగానే గోడ గడియారం చూసి టైము వేస్తాడు. వెనక్కి తిరిగి చూడడు. నాలుగేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు.

"అయితే బుధవారం నీలం కారుని నువ్వు చూడలేదు."

"కర్ర పడింది బాబూ. పడ్డ మాట నిజం."

"లారీ ఎక్కడుంది అప్పుడు?"

పదిన్నర నుంచీ గేటు ముందు మొదటి బండి అదేనని తాత చెప్పాడు. డ్రైవర్ గేటు ఎప్పుడు ఎత్తుతావని ఈ కిటికీ దగ్గరే తనతో పోట్లాడుతున్నాడు. ఎప్పుడూ నలభై ఐదు నిమిషాల్లో వచ్చే కర్ర ఆ రోజు బాగా ఆలస్యమైంది.

డిటెక్టివ్ గోడకి ఆనుకుని లెక్క వేశాడు. పదీ నాలుగుకి బయల్దేరిన కర్ర పది యాభై ఎనిమిదికి చేరింది. యాభై నాలుగు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు ఎక్కువ. ఆ తొమ్మిది నిమిషాల్లో ఎవరో ఐదో వ్యూ పాయింట్ దగ్గర సర్వేయర్‌ని నదిలోకి నెట్టి, అతని చేతిలోని కర్ర తీసుకుని, బుద్ధిగా ఇక్కడ బకెట్‌లో వేసి పోయారు. కర్ర రాకపోతే పదకొండింటికే వెతుకులాట మొదలయ్యేది. వచ్చింది కాబట్టి ఎవరూ వెతకలేదు. పైగా నేరం కిందికి దిగే విడత మీదికి పోయింది.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తీసి తాత వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక్క మాటా అనలేదు గానీ, పుస్తకం రాగానే ఇక్కడి నుంచే స్టేషన్‌కి వైర్‌లెస్‌లో చెబుతానన్నాడు. అతని చేతిరాత చూస్తుంటే డిటెక్టివ్‌కి ప్రాణం విసిగిపోయింది. పదేళ్ల క్రితం కూడా ఇంతే, ఒక్కో అక్షరాన్నీ బుజ్జగించి కూర్చోబెట్టేవాడు.

రెండూ నలభై నుంచి పైకి వచ్చే బండ్లు ఒక్కొక్కటే గేటు దాటసాగాయి. డిటెక్టివ్ కిటికీలోంచి లెక్కపెట్టాడు. కార్లు, ఒక బస్సు, రెండు వ్యాన్లు. రెండూ నలభై తొమ్మిది అయింది. స్కూటర్ లేదు. యాభై రెండు అయింది. రోడ్డు ఖాళీగా ఉంది.

కింది గేటుకి ఫోను కలపమన్నాడు. తాత మూడుసార్లు తిప్పితే అవతలి మనిషి ఎత్తాడు. స్కూటర్ చక్కగా బయల్దేరిందని చెప్పాడు. చేతులు ఖాళీ లేక ఆవిడ మెడలో టేపు తీసి కర్రని హ్యాండిల్‌కి కట్టుకుందనీ, పుస్తకం డిక్కీలో పెట్టుకుందనీ చెప్పాడు. డిటెక్టివ్ అప్పుడు అడిగాడు, పొద్దున్నే అడగవలసిన ప్రశ్న.

"బుధవారం నీలం కారుకి ముందు బండి ఏది?"

"క్రేన్ సార్. నెమ్మదిగా పోతుందని ఎప్పుడూ దానికే కర్ర ఇస్తాం. ఆ రోజు చేతికి ఇచ్చేశాం కూడా. ఈలోపు సర్వేయర్ గారు కారేసుకుని వచ్చారు. క్రేన్ ఆయన దగ్గర్నుంచి తీసి ఆయనకి ఇచ్చాం."

డిటెక్టివ్‌కి క్రేన్ ఆయన మాట గుర్తొచ్చింది. కబురు అందగానే పై నుంచి దిగి వచ్చానన్నాడు. పై నుంచి దిగాలంటే ముందు పైకి వెళ్లి ఉండాలి. ఆ మాట విని టీ తాగాడు తను. బుధవారం క్రేన్‌కి పైకి ఏం పని అని తాతని అడిగితే, తాత అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. దారిలో రెయిలింగులన్నీ వేయించింది ఆయనేగా, వారం వారం చూసుకుని పోతాడన్నాడు.

జానెడు సిమెంటు. దాన్ని కొలిచి రాసుకునే సర్వేయర్. ఎవరు వేశారో తెలియదన్న మర్యాదస్తుడు. అతని నెత్తిన నిలబడి, ఏ బండి వెనక ఏ బండి వచ్చిందో చెప్పే పుస్తకం ఎవరి చేత, ఏ విడతలో, దేని మీద వస్తోందో గొంతు చించుకుని అరిచి మరీ చెప్పాడు తను. లారీ డ్రైవర్ నోరు ఎవరికీ చెడు చేయలేదు. తన నోరే చేసింది.

ఇన్‌స్పెక్టర్ కలం పారేసి జీపు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. బయట ఏదో బరువైన బండి గేరు మార్చుకుంటూ కొండ ఎక్కుతున్న చప్పుడైంది.

కిటికీ కింద బకెట్ టంగుమంది.

తాత గోడ గడియారం చూశాడు. రెండూ యాభై ఎనిమిది. పంతొమ్మిదేళ్ల అలవాటున చెయ్యి దానంతటదే కలం అందుకుని, స్కూటర్ నంబరు పక్కన ఖాళీ గడి దగ్గరికి వెళ్లింది. డిటెక్టివ్ ఆ మణికట్టు పట్టుకుని ఆపాడు. ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని బయటికి ఉరికాడు.

గేటు ముందు క్రేన్ ఆగి ఉంది. దాని కొక్కేనికి నీలం కారు లేదు. లోపల కూర్చున్న మనిషి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు చూశాడు. అక్కడ డిటెక్టివ్ మొహం కనిపించగానే ఆ చేతులు ఆగిపోయాయి.

డిటెక్టివ్ వంగి బకెట్‌లోంచి కర్ర పైకి తీశాడు. దాని చుట్టూ పసుపు టేపు రెండు చుట్లు అలాగే ఉంది. ముడి బిగుసుకునే ఉంది. ఎవరూ విప్పలేదు. ముప్ఫై నాలుగో అంకె దగ్గర టేపుని కోసేశారు.